కాలవలు తాగే భూతం

“కాలవలు తాగే భూతానికి నా ఇంటి నీళ్ళ మోటారే కావాల్సొచ్చిందా?” అని మా ఆయన మళ్ళీ అందుకున్నాడు. ఒంటి నిండా సబ్బు, చేతిలో ఖాళీ బకెట్టు. స్నానాల గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“బావి అక్కడే ఉంది కదా నాన్నా. తోడుకో,” అంది అర్సిని తల ఎత్తకుండా. తూర్పు సావిడిలో బాసింపట్టు వేసుకుని ఏదో ఆకుపచ్చ బోర్డుకి తీగ అతుకుతోంది.

“తోడుకునే రోజులు మీ తాతతో పోయాయి. అందుకే పంపు పెట్టించాం.”

“నేనెప్పుడూ తోడలేదురా,” అన్నారు మా మామగారు పడమటి అరుగు మీద నుంచి. “మీ అమ్మ తోడేది.”

“విన్నావా తుత్? ఈ ఇంట్లో నా పక్షం మాట్లాడే మనిషే లేడు,” అన్నాడు నా వైపు తిరిగి.

నేను అదే సావిడికి అటు చివర కూచుని కొబ్బరి లేతాకు కత్తిరిస్తున్నాను. పూజకి పెట్టే పూల దొప్పలు కట్టి బజారుకి వెయ్యడం నా పని. “కళ్ళలోకి సబ్బు పోతుంది, ముందు కడుక్కో బ్లీ,” అన్నాను మా ఆయనతో. లేచి ఒక బకెట్టు తోడి ఇచ్చాను. ఆయన దాన్ని నా పక్షపాతానికి సాక్ష్యంలా అందుకుని లోపలికి వెళ్ళాడు.

ఈ తగువు వారం నుంచీ నడుస్తోంది. న్యెపి అంటే మా దీవిలో కొత్త సంవత్సరం, ఊరంతా చప్పుడు చెయ్యకుండా ఇళ్ళల్లోనే ఉండే రోజు. దాని ముందురోజు సాయంత్రం ఊరేగించడానికి ప్రతి ఏడూ మా వాడ కుర్రకారు ఒక భూతాన్ని కడతారు. ఆ ఏడు వర్షాలు ఆలస్యమై కాలవల్లో నీళ్ళు పొలాల దాకా రాలేదు కాబట్టి కాలవలు తాగేసే ఆడభూతం అనుకున్నారు. మెడ సాచి వంగుతుంది, నోరు తెరుస్తుంది, తాగుతుంది, పొట్ట ఉబ్బుతుంది, కళ్ళు తిప్పి మళ్ళీ లేస్తుంది. పొట్టలో నీళ్ళ సంచి. దాన్ని నింపడానికి మా పంపు. మెడకీ దవడకీ పాత కార్ల వైపర్ మోటార్లు. వీటన్నిటికీ ఎప్పుడు కదలాలో, ఎంత కదలాలో చెప్పేది మా అమ్మాయి చేసిన డబ్బా.

ఆ డబ్బా కోసమే అది పెద్ద హోటల్లో మరమ్మతుల విభాగంలో ఉద్యోగం మానేసింది. పట్నంలో కదిలే బొమ్మలు చేసేవాళ్ళు విదేశాల నుంచి కంట్రోలర్లు తెప్పించుకుంటారట. వాటికి కంప్యూటరూ కావాలి, అది తెలిసిన మనిషీ కావాలి. అలా కాకుండా వాడకుర్రాళ్ళెవరైనా చేత్తో పట్టుకుని నేర్పగలిగే డబ్బా చెయ్యాలని దాని పట్టుదల. ఒక చిన్న పిడి ఉంటుంది. ఆ పిడిని మీరెలా తిప్పితే బొమ్మ మెడ అలా తిరుగుతుంది. ఒకసారి తిప్పింది డబ్బా గుర్తు పెట్టుకుంటుంది. వినడానికి బాగానే ఉండేది. ఏడాదిగా మాత్రం ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి కాలి పొగ వస్తూనే ఉంది.

మా ఇంట్లో కఠినుడు మా ఆయన అని అందరూ అనుకుంటారు. గొంతు ఆయనది, మాట నాది. షరతు పెట్టింది నేనే. ఈ న్యెపి ఊరేగింపులో డబ్బా పనిచేస్తే సరే. పనిచెయ్యకపోతే మళ్ళీ హోటల్. మా అన్నయ్య పుతు విర్తా ఆ హోటల్లోనే మనుషుల్ని తీసుకునే చోట ఉంటాడు. న్యెపి మర్నాడు పలకరింపులకి వచ్చినప్పుడు తనకి అవుననో కాదనో చెప్పాలి. అవుననే చెబుతామని అన్నయ్యకి ఎంత నమ్మకమంటే, బూడిదరంగు యూనిఫాం ముందే తెచ్చి తూర్పు సావిడి కొక్కేనికి తగిలించి వెళ్ళాడు. అది నా బుట్టలకీ దాని తీగలకీ మధ్య వేలాడుతూ ఉండేది. గాలికి అటో ఇటో తిరిగేది.

ఆ రోజు మా ఆయన స్నానం ముగిసేలోపే వెనక వీధి మెన్ రుందు, అంటే రుందు వాళ్ళమ్మ, వచ్చింది. చేతిలో నేను పొద్దున అమ్మిన దొప్ప. బంతిపూరేకుల మధ్య మెరుస్తున్న సన్నటి రాగితీగ ముక్క చూపించింది.

“ఏం మెన్ లూహ్, మన దేవుళ్ళకి కరెంటు కూడా పెడుతున్నావా?”

అర్సిని ఫక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దొప్ప మార్చి ఇచ్చి, ఆవిడ వెళ్ళాక అర్సినితో, “ఇదింక సాగదు లూహ్. ఈ సావిడి నీదో నాదో తేలాలి,” అన్నాను.

“న్యెపి అయ్యాక తేలిపోతుందిగా అమ్మా,” అంది. నవ్వు ఆపి యూనిఫాం వైపు చూసి మళ్ళీ తీగ అందుకుంది.

*

వాడ సభామంటపం ముందు మొదటిసారి భూతాన్ని నడిపించి చూసిన రోజు అందరం వెళ్ళాం. మా ఆయన రానన్నాడు కానీ మేం వెళ్ళేసరికే అక్కడ ఉన్నాడు. మామగారిని చక్రాల కుర్చీలో నేను తోసుకెళ్ళాను.

మామగారు దలాంగ్. తోలుబొమ్మలాట ఆడించేవారు. ఊళ్ళో అందరూ ఇప్పటికీ గౌరవంగా జెరో దలాంగ్ అనే పిలుస్తారు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయాక బొమ్మల పెట్టె మూసేశారు. ఒంటిచేత్తో బొమ్మలాట ఏముంది? బొమ్మల పండగ రోజున పెట్టెకి పూజ చేస్తాం, మూత మాత్రం తియ్యరు.

భూతం నేల మీద నిలబడి ఉండగా చాలా బాగా ఆడింది. అర్సిని మీట నొక్కగానే మెడ సాగింది, దవడ జారింది. గుటక గుటకకీ గొంతు కదులుతుంటే పిల్లలు వాళ్ళమ్మల వెనక దాక్కున్నారు. పొట్ట ఉబ్బడం మొదలుపెట్టాక మా ఆయన పక్కవాడితో, “ఆ పంపు మాదే,” అన్నాడు.

తర్వాత భుజాలకెత్తారు. వెదురుబొంగుల చట్రం కింద కుర్రాళ్ళు వరసలుగా నిలబడ్డారు. తాళాలు, గంటలు, ముందు డోలు వాయిస్తూ మా వాడ కోమంగ్ దర్సా. మలుపు దాకా అంతా సవ్యంగా సాగింది. మలుపులో ఎవరో మోటార్‌సైకిల్ అడ్డం పెట్టి వెళ్ళారు. మోసేవాళ్ళు ఆగారు. దర్సా డోలు దెబ్బని సాగదీసి అక్కడక్కడే తిప్పుతూ ఉన్నాడు. భూతం ఆగలేదు. దాని పాటికది నోరు తెరిచింది, తాగింది, ఉబ్బింది, కళ్ళు తిప్పింది, రెండోసారి వంగి పక్కనున్న కొట్టు రేకులో మూతి పెట్టింది. చట్రం ముందుకి తూలింది. నలుగురు కుర్రాళ్ళు మోకాళ్ళ మీద పడ్డారు. కోర ఒకటి విరిగి రోడ్డు మీద దొర్లింది.

“నీళ్ళు చాల్లేదు, కొట్టు తింటోంది!” అన్నారెవరో. అందరూ నవ్వారు. మామగారు కూడా నవ్వారు. పడ్డవాళ్ళు మాత్రం నవ్వలేదు. అందులో ఒక కుర్రాడి తల్లి వచ్చి కొడుకు మోకాలు చూసి, అర్సినిని చూసి, కొడుకుని లేపి తీసుకెళ్ళింది. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

అర్సిని నేరుగా దర్సా దగ్గరికి వెళ్ళింది. “మీరు పోయిన వారం వాయించిందే రికార్డు చేసుకుని దానికి సరిగ్గా కట్టాను. ఇవాళ సాగదీశావు.”

“బండి అడ్డం ఉంటే సాగదియ్యక? దాని మీంచి వాయించమంటావా?”

“ఎంతసేపు సాగదీస్తావో నాకేం తెలుసు?”

“నాకు మాత్రం తెలుసా? నేను మోసేవాళ్ళ కాళ్ళు చూసి వాయిస్తాను. వాళ్ళు నా డోలు విని అడుగేస్తారు.” దర్సా డోలు మెళ్ళోంచి తీసి నేల మీద పెట్టాడు. కోపంగా ఏమీ అనలేదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. “నీ డబ్బా ఎవర్ని చూస్తుంది లూహ్?”

అర్సిని వంగింది. విరిగిన కోర తీసి సంచిలో వేసుకుంది.

*

తర్వాత కొన్నాళ్ళు అర్సిని సావిడి వదల్లేదు. డబ్బాకి నాలుగు బొత్తాలు పెట్టి తనే నొక్కుతూ చూసింది. బొత్తాలు చూస్తే మోసేవాళ్ళు కనబడరు, మోసేవాళ్ళని చూస్తే బొత్తం తప్పుతుంది. పైగా అది ఎప్పుడు నొక్కిందో దర్సాకి తెలియదు. భూతం ఒక దారి, డోలు ఒక దారి. అన్నం ముందు కూచుని కూడా వేళ్ళు కదుపుతూ ఉండేది. మా ఆయన పంపు మాట ఎత్తడం మానేశాడు. నా కంటే ముందే లేచి తొట్టి నింపేసేవాడు. ఆయన మాట్లాడకపోతే నాకు ఎక్కువ దిగులు.

ఒకరోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. సభామంటపంలో వాద్యగాళ్ళ సాధన వానలోంచి తెరలు తెరలుగా వినిపిస్తోంది. నేను మామగారికి కాఫీ తీసుకెళ్ళాను. అర్సిని ఆయన మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూచుని ఉంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. కుడికాలి బొటనవేలు మాత్రం మంచం కోడుని తడుతోంది. ఒక్కోసారి ఒకటి, ఒక్కోసారి రెండు, ఒక్కోసారి చాలాసేపు ఏమీ లేదు.

“తాతా,” అంది. “ఆటలో కాలివేళ్ళ మధ్య ఆ కొట్టుడు చెక్క పెట్టుకునేవాడివి కదా. పెట్టెని ఎప్పుడు కొట్టేవాడివి?”

“ఎప్పుడేమిటి? బొమ్మ లేవాలన్నప్పుడు. వాద్యం మారాలన్నప్పుడు. జనం నిద్రపోతున్నప్పుడు.”

“బొమ్మకో దెబ్బ, వాద్యానికో దెబ్బా?”

“ఒకటే దెబ్బ. ఎవరికి కావలసింది వాళ్ళు వింటారు.” కళ్ళు తెరిచి నా వైపు చూశారు. “ఆ కాఫీ ఇక్కడికి వస్తోందా, వాన చూస్తోందా?”

అర్సిని అప్పటికే లేచి వానలోకి వెళ్ళిపోయింది. సావిడిలో పెట్టెలు తిరగేస్తున్న చప్పుడు. మర్నాడు చూస్తే, తెరిస్తే పాట పాడే పుట్టినరోజు కార్డు ఒకటి చీల్చి అందులోంచి పల్చటి ఇత్తడి బిళ్ళ తీసింది. ఆ బిళ్ళని డబ్బా లోపలి గోడకి అతికించింది. డబ్బా మీద చెక్కతో కొడితే బిళ్ళ వింటుంది, వినగానే భూతం ఒక్క కదలిక కదిలి ఆగుతుంది. మళ్ళీ కొట్టేదాకా అలాగే ఉంటుంది. మెల్లగా కొడితే మెల్లగా, గట్టిగా కొడితే విసురుగా.

చెప్పినంత సులువుగా కాలేదు. మామగారు దగ్గితే సావిడిలో పెట్టిన దవడ తెరుచుకునేది. నేను రోకలి దింపితే కళ్ళు తిరిగేవి. ఒకరోజు పొద్దున మా ఆయన పుంజు కూసింది. దవడ టప్పున మూసుకుంది. అది మళ్ళీ కూసింది, మళ్ళీ తెరుచుకుంది.

“చూడవే, నా కోడి మాట ఎంత బాగా వింటోందో!” అని మా ఆయన చాలా రోజుల తర్వాత నవ్వాడు. “నీ చదువుకి ఇది చాలు.”

“దగ్గేదో, కోడేదో, చెక్కేదో దానికి నేర్పుతున్నా నాన్నా. నవ్వకు, నీ నవ్వుకి కూడా కదులుతుంది.”

చివరికి అర్సిని పట్టుకున్న ఏ చెక్కకీ డబ్బా విడిగా గుర్తుపట్టే దెబ్బ రాలేదు. టేకు, పనస, కొబ్బరి చిప్ప, అన్నీ చూసింది. అప్పుడు మామగారే అన్నారు, “పెట్టెలోది తీసుకో.”

మా ఆయన చేతిలో పుంజు ఉంది. దాన్ని గంప కింద పెట్టి వచ్చాడు. “నాన్నా, అది మంత్రం వేసిన చెక్క. భూతానికి కొడతారా ఎక్కడైనా?”

“నా తెర మీద భూతాలు లేవనుకున్నావురా? దేవుళ్ళ కంటే అవే ఎక్కువ. ఈ చెక్క దెబ్బకే లేచేవి, ఈ చెక్క దెబ్బకే కూచునేవి.”

“ఆట వేరు. ఊరేగింపు వేరు.”

“నాకిప్పుడు రెండూ లేవు. పెట్టె తీస్తే ఏం పోతుంది?”

మా ఆయన నా వైపు చూశాడు. నేను వంటింట్లోకి వెళ్ళి పెట్టె మూత తీయడానికి కావలసిన పూజ సామగ్రి సర్దడం మొదలుపెట్టాను. అదే నా జవాబు. మూత తీసినప్పుడు తోలు వాసన, కర్పూరం వాసన, మరేదో పాత వాసన ఇల్లంతా పరుచుకుంది. మామగారు బొమ్మల వైపు చూడలేదు. చెక్క ఎక్కడుందో తడిమి తీసి, మనవరాలి చేతిలో పెట్టి, వెంటనే మూత వేయించారు.

ఆ చెక్కతో అర్సిని కొడుతుంటే దర్సా వచ్చి విన్నాడు. “మరీ మర్యాదగా కొడుతున్నావు. అత్తగారింటి తలుపు కొట్టినట్టు.”

“అయితే నువ్వు కొట్టు.”

“నా రెండు చేతులకీ డోలుంది.”

మామగారు అరుగు మీద నుంచి అంతా వింటున్నారు. మర్నాడు రాత్రి అన్నం తింటూ కొడుకుతో, “ఒరే, ఆ కుర్చీ చక్రాల్లో గాలి ఉందా?” అన్నారు.

*

ఊరేగింపు రోజు పొద్దు వాలుతుండగా కాగడాలు వెలిగించారు. కొబ్బరిమట్టల పొగ, రేకు డబ్బాల మోత, పిల్లల కేకలు. నేను వాడ ఆడవాళ్ళతో నాలుగు దారుల కూడలి దగ్గర నివేదన పళ్ళేలతో నిలబడ్డాను. అక్కడ ప్రతి భూతాన్నీ మూడుసార్లు తిప్పాలి.

మా భూతం మలుపు తిరిగి వచ్చింది. కాగడాల వెలుగులో దాని మెడ ఇంట్లో చూసినదానికంటే పొడుగ్గా ఉంది. దాని వెనక జనరేటరు బండి. ముందు, దర్సా పక్కనే, చక్రాల కుర్చీలో మామగారు. తెల్ల తలపాగా, కొత్త ధోవతి. కాళ్ళ దగ్గర పలకకి బిగించిన డబ్బా. కుడికాలి వేళ్ళ మధ్య చెక్క. డబ్బా నుంచి చట్రం దాకా ఒక తీగ. జనం ఫోన్లతో గాల్లో సిగ్నళ్ళు గజిబిజి అవుతాయని అర్సిని తీగే నమ్ముకుంది. కుర్చీ తోస్తున్నది మా ఆయన. ఆయన ఎవర్నీ చూడడం లేదు. నన్ను కూడా. తీగ బిగుసుకుపోకూడదు, వదులై కాళ్ళకి పడకూడదు. ఆయన కళ్ళు ఆ తీగ మీదే ఉన్నాయి. అర్సిని చట్రం పక్కన నడుస్తోంది, చేతులు ఖాళీగా. ఆ చేతులతో ఏం చెయ్యాలో దానికి తోచడం లేదని నాకు తెలిసింది.

టక్. మెడ సాగింది. టక్. దవడ జారింది. దర్సా డోలు ఆ దెబ్బ మీదే ఎక్కింది, గంటలన్నీ దాని వెనక ఎక్కాయి. జనం వెనక్కి జరిగారు. భూతం తాగుతోంది, పొట్ట ఉబ్బుతోంది. మోసేవాళ్ళు తిప్పడం మొదలుపెట్టారు. ఒక చుట్టు అయింది.

రెండో చుట్టులో నీళ్ళ సంచి ఎక్కడో పగిలింది. పొట్ట కింద నుంచి ధారగా రోడ్డు మీదకి కారింది. ముందు వరసలో ఒక కుర్రాడి కాలు జారింది. చట్రం ఆ మూలకి వంగిపోయింది. మెడ అప్పటికి సగం లేచి ఉంది. పూర్తిగా సాగితే ఆ బరువుకి మొత్తం ముందుకి, మనుషుల మీదకి వస్తుంది. కొట్టు రేకు దగ్గర చూసిందే.

దర్సా డోలు ఆపేశాడు. ఒక్క పెద్ద గంట మాత్రం మోగుతూ ఉంది, చాలా ఎడంగా.

నేను మామగారి కాలి వైపు చూశాను. వేళ్ళ మధ్య చెక్క గాల్లో ఉంది. ఆయన భూతాన్ని చూడడం లేదు, మోసేవాళ్ళ కాళ్ళని చూస్తున్నారు. భూతం సగం ఎత్తిన మెడతో, సగం తెరిచిన నోటితో అలాగే ఉంది. కింద కుర్రాళ్ళు బొంగులు భుజాలు మార్చుకుంటున్నారు, జారినవాడు లేచి కాలు పాతుకుంటున్నాడు, ఎవరో కాగడాల బూడిద తెచ్చి తడి మీద చల్లుతున్నారు. అందరూ సర్దుకునేదాకా అది వాళ్ళ మీద వంగి ఎదురుచూస్తున్నట్టే ఉంది. నా పక్కన నిలబడ్డ మెన్ రుందు, “ఎలా చూస్తోందో చూడు!” అని గుసగుసలాడి నా చెయ్యి పట్టుకుంది. జనం కూడా అది ఆటలో భాగమే అనుకున్నారు.

చట్రం నిటారయింది. టక్.

మెడ మెల్లగా లేచింది. డోలు మెల్లగా దాని వెంట వచ్చింది. మూడో చుట్టు తిరిగి వెళ్ళిపోయారు. అంతే జరిగింది. నా చేతిలో పళ్ళెం ఒరిగి పూలు కింద పడ్డాయని తర్వాత చూసుకున్నాను.

శ్మశానం పక్క బయల్లో మోటార్లూ తీగలూ విప్పి, పూజారి తీర్థం చల్లాక భూతాన్ని తగలబెట్టారు. భూతాన్ని ఇంటికి తీసుకెళ్ళకూడదు. మంట పెద్దదయ్యాక పక్క వాడ పెద్దమనిషి ఒకాయన మా ఆయన దగ్గరికి వచ్చాడు.

“ఆగిందేమిటయ్యా మీది! మాది జనరేటరు ఆపితే తప్ప ఆగదు. వచ్చే ఏటికి ఆ డబ్బా మాక్కూడా ఒకటి దొరుకుతుందా?”

మా ఆయన ఒళ్ళో పంపు మోటారు పెట్టుకుని తుడుస్తున్నాడు. “నన్నడుగుతారేం? నేను కుర్చీ తోసేవాణ్ణి,” అని అర్సినిని చూపించాడు.

*

న్యెపి రోజు ఇంట్లో పొయ్యి వెలగదు, దీపం వెలగదు. పని లేదు, వీధిలోకి వెళ్ళడం లేదు. గట్టిగా మాట్లాడుకోం. ముందురోజు కొబ్బరాకు గూళ్ళలో ఉడికించిన తిపట్ అన్నం పొట్లాలు విప్పి, వేయించిన వేరుశెనగలతో, ఉప్పుచేపతో తిన్నాం. ఆ రోజు విమానాలు కూడా ఎగరవు కాబట్టి ఆకాశం నుంచి కూడా ఏ చప్పుడూ లేదు. పుంజు కూడా గంప కింద ఎందుకో కుయ్యలేదు.

అర్సినికి పొద్దున్నించీ చేతులు ఆడడం లేదు. సావిడి స్తంభానికి ఆనుకుని కూచుంది. దాని ముందు డబ్బా. ఒక పక్క మసి. డబ్బా మీద చెక్క. దాన్ని మళ్ళీ బొమ్మల పెట్టెలో పెట్టమని మామగారు అడగలేదు. ఎవరూ గుర్తు చెయ్యలేదు.

“సంచి అతుకు నేను సరిగ్గా చూసుకోవాల్సింది,” అంది మెల్లగా. “ఇంకోసారైతే కింద తొట్టి పెడతాను.” ఇంకోసారి అన్నాక ఆగిపోయింది. కొక్కేనికి ఉన్న యూనిఫాం వైపు చూడకుండా ఉండడానికి బావి వైపు చూసింది.

“డబ్బా పనిచేసిందిగా,” అన్నాడు మా ఆయన, అంతకంటే మెల్లగా.

“పనిచేసింది డబ్బా కాదు, తాత.”

“నా కాలికి నువ్వు చెక్క ఇవ్వకపోతే నేనేం చేసేవాణ్ణి? దగ్గేవాణ్ణి,” అన్నారు మామగారు. “అప్పుడు దవడ తెరుచుకునేది.”

నవ్వు వచ్చినా అందరం లోపలే నవ్వుకున్నాం. మా ఆయన భుజాలు కదిలాయి.  సాయంత్రం వెలుగు బూడిదరంగుకి తిరుగుతోంది. ఇంకాసేపట్లో ఒకరి మొహం ఒకరికి కనబడదు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. “రేపు పుతు విర్తా వస్తాడు,” అన్నాడు. అని నా వైపు చూశాడు. మామగారూ చూశారు. అర్సిని చూడలేదు.

నేను లేచి కొక్కేనికి ఉన్న యూనిఫాం తీశాను. ఇన్నాళ్ళూ వేలాడి భుజాల మీద దుమ్ము పట్టింది. దులిపి, చేతులు లోపలికి మడిచి, చదరంగా చేసి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

“దీన్ని రేపు అన్నయ్యకి ఇచ్చేస్తాను,” అన్నాను. “ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చుకోమని నేనే చెబుతాను. బజారు దొప్పలు ఇకనుంచి వంటింటి వసారాలో కట్టుకుంటాను. ఈ సావిడి లూహ్‌కి వదిలేస్తున్నా. పంపు మాత్రం రేపు పొద్దున బిగించాలి.”

అర్సిని తల తిప్పి ఏదో అనబోయింది. గోడ అవతల వీధిలో న్యెపి నియమం ఎవరూ తప్పకుండా కాపలా తిరిగేవాళ్ళ అడుగుల చప్పుడు వచ్చి, మా వాకిలి దగ్గర కాస్త ఆగింది. నేను పెదాల మీద వేలు పెట్టాను.